పాటకు ముఖం పెట్టేముందు: ఎడారి రేడియో నుంచి మనం నేర్చుకోవాల్సింది



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. ఎందుకంటే పోయిన నెల మన గ్రూపులో జరిగిన గొడవ సగంలోనే ఆగిపోయింది. దానికి సమాధానం వెతుకుతూ మేం కొందరం కూర్చొని చదివిన చరిత్రను ఇక్కడ రాస్తున్నాం.

గొడవ ఏంటో గుర్తుందిగా? రేడియోలో మనవాళ్ళు నేరుగా పాడే పాటల కార్యక్రమానికి పక్కనే కెమెరా కూడా పెట్టి, వీడియో తీసి నెట్‌లో పెడదాం అని కొందరు తమ్ముళ్ళు అన్నారు. "ఈ కాలంలో ఉత్త రేడియో ఎవరు వింటున్నరు? ముఖం కనబడితేనే జనం చూస్తరు" అన్నది వాళ్ళ మాట. ఇంకొందరు అక్కలు, అన్నలు ఒప్పుకోలేదు. "పాడే అవ్వను అడిగిండ్రా? దేవుని పాట వీడియోలో ఎట్ల పెడతరు?" అని అడిగారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే మాకు ఒక అనుమానం వచ్చింది. ఈ ప్రశ్న మనకే మొదటిసారి వచ్చిందా? మనకంటే ముందు ఏ ఆదివాసులూ రేడియో పక్కన కెమెరా పెట్టలేదా?

పెట్టారు. నలభై ఏళ్ళ కిందట, ఆస్ట్రేలియా నట్టనడుమ, ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఎడారి ఊర్లో పెట్టారు. వాళ్ళ కథ చదువుతుంటే చాలాచోట్ల మన కథే చదువుతున్నట్టు అనిపించింది.

ముందు రేడియో సంగతి.

1980లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ముగ్గురు మనుషులు కలిసి ఒక సంఘం మొదలుపెట్టారు. ఫ్రెడా గ్లిన్ అనే కేటెజ్ ఆదివాసీ మహిళ, జాన్ మకుంబ అనే ఆదివాసీ నాయకుడు, ఫిలిప్ బాటీ అనే తెల్ల జాతీయుడు. సంఘం పేరు సెంట్రల్ ఆస్ట్రేలియన్ అబోరిజినల్ మీడియా అసోసియేషన్. అందరూ పొట్టిగా 'కామా' అంటారు. మొదట్లో వాళ్ళకు సొంత స్టేషన్ లేదు. ప్రభుత్వ రేడియోలో కొంత సమయం, ఊళ్ళోని ఒక ప్రైవేటు స్టేషన్‌లో కొంత సమయం తీసుకొని తమ భాషల్లో మాట్లాడారు, పాటలు వేశారు. అరెంటె, పిట్జంట్జట్జర, లూరిట్జ, వాల్పిరి. బడుల్లో, మిషన్ హాస్టళ్ళలో ఏ భాష మాట్లాడితే పిల్లలు దెబ్బలు తిన్నారో, ఆ భాషలు పెట్టెలోంచి వినబడ్డాయి. ముసలోళ్ళకు అది ఎట్లా అనిపించి ఉంటుందో మనం ఊహించుకోగలం. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రంలో మొదటిసారి గోండి మాట విన్నప్పుడు మన తాతలకు కూడా అట్లాగే అనిపించి ఉంటుంది కదా.

1985 నాటికి వాళ్ళకు సొంత స్టేషన్ వచ్చింది. పేరు 8కిన్ ఎఫ్.ఎం. ఆ దేశంలో ఉత్తర భూభాగపు స్టేషన్లన్నిటి పేర్లూ 8 అంకెతో మొదలవుతాయి. 'కిన్' అంటే ఇంగ్లీషులో చుట్టం. చుట్టాల రేడియో అన్నమాట.

ఆ రేడియోకు పాటే ప్రాణం. ఎడారి ఊళ్ళలో అప్పటికే కుర్రాళ్ళు గిటార్లు పట్టుకొని బ్యాండ్లు కట్టారు. వాళ్ళను పిలిపించి పాడించి, ఆ పాటలు రికార్డు చేసి, క్యాసెట్లుగా ఊరూరికీ పంపింది కామా. అదే కాలంలో పాపున్య ఊరి నుంచి వరుంపి బ్యాండ్ వచ్చింది. 1983లో వాళ్ళు లూరిట్జ భాషలో పాడిన పాట, ఒక ఆదివాసీ భాషలో రికార్డై విడుదలైన మొదటి రాక్ పాటగా చరిత్రలో నిలిచింది. ఆ పాట జైలు నుంచి విడుదలై బయటికి వచ్చిన మనిషి గురించి. ఆ బ్యాండ్ ముఖ్య గాయకుడు 2007లో కాలం చేశారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో కింద చెప్తాం.

జైలు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. 8కిన్‌లో 'గ్రీన్ బుష్' అని ఒక కార్యక్రమం నడిచేది. జైల్లో ఉన్న ఆదివాసుల కోసం బయట ఉన్న ఇంటివాళ్ళు, ఇంటివాళ్ళ కోసం లోపల ఉన్నవాళ్ళు పాట కోరుకునే కార్యక్రమం అది. ఆస్ట్రేలియాలో జనాభా లెక్కన చూస్తే ఆదివాసులే ఎక్కువగా జైళ్ళలో ఉంటారు. అమ్మ పేరు, కొడుకు పేరు, ఒక పాట. ములాఖత్‌కు వందల కిలోమీటర్లు పోలేని తల్లికి ఆ పాటే ములాఖత్. ఇక్కడ గమనించండి, ఆ కార్యక్రమానికి ముఖం అక్కర్లేదు. కొడుకు జైల్లో ఉన్నాడని ఊరికి కనబడాల్సిన పని లేదు. గొంతు చేరితే చాలు. రేడియోలో ఉన్న ఆ మర్యాదను మనం చిన్నచూపు చూడొద్దు.

మరి కెమెరా ఎందుకొచ్చింది?

సరదాకు రాలేదు. భయంతో వచ్చింది. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా ప్రభుత్వం సొంత ఉపగ్రహం వేయాలనుకుంది. 1985 ఆగస్టులో ఆసాట్ మొదటి ఉపగ్రహం పైకి వెళ్ళింది. దాంతో అప్పటిదాకా టీవీ తెలియని ఎడారి ఊళ్ళన్నిటి మీదా ఒక్కసారిగా ఇంగ్లీషు టీవీ దిగబోతోంది. పెద్దలు బెదిరిపోయారు. బడి ఒకసారి పిల్లల్ని భాషకు దూరం చేసింది. ఇప్పుడు టీవీ ఇంట్లోకే వచ్చి రాత్రింబగళ్ళు ఇంగ్లీషు మాట్లాడితే ఇంకేం మిగులుతుంది?

అందుకే 1984లో కామా రేడియోవాళ్ళు వీడియో విభాగం కూడా పెట్టుకున్నారు. మొదట చేసిన పని చాలా సాదాసీదా పని. ఊళ్ళ కబుర్లు, బ్యాండ్ల పాటలు వీడియో తీసి, వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద ఎక్కించి, ఊళ్ళకు పంపారు. వీడియో వార్తాలేఖ అన్నమాట. అప్పటిదాకా గొంతు మాత్రమే తెలిసిన గాయకుణ్ణి జనం చూశారు. ఎక్కడో అయిదొందల కిలోమీటర్ల అవతల ఉన్న మేనత్త ఊరి చెట్టు, ఇల్లు కనబడ్డాయి. రేడియో ఇవ్వలేనిది వీడియో ఇచ్చింది, అందులో అనుమానం లేదు.

ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా మూడొందల కిలోమీటర్ల దూరంలో యుయెండుము అని వాల్పిరి వాళ్ళ ఊరు ఉంది. దక్షిణాన పిట్జంట్జట్జర వాళ్ళ ఊరు ఎర్నబెల్ల. ఈ రెండు ఊళ్ళవాళ్ళూ 1985లో లైసెన్సు లేకుండానే చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి, తమ ఊరికి తామే టీవీ నడిపారు. చట్టం ప్రకారం అది తప్పే. కానీ ఉపగ్రహం మీద పడకముందే సొంత బొమ్మలు చూపించుకోవాలన్నది వాళ్ళ పట్టుదల. 1987 నుంచి ప్రభుత్వమే ఒక పథకం పెట్టి, ఎనభై దాకా ఊళ్ళకు చిన్న పరికరాలు ఇచ్చింది. ఉపగ్రహం నుంచి వచ్చే కార్యక్రమాన్ని ఆపేసి, ఆ కాసేపు ఊరి సొంత రేడియో, సొంత వీడియో వేసుకునే వీలు అందులో ఉంది. ఆపే మీట ఊరి చేతిలో ఉండటం, ఇదీ ముఖ్యం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కెమెరా వచ్చాక వాళ్ళకు మూడు చిక్కులు ఎదురయ్యాయి. ఆ మూడూ మనకూ ఉన్నాయి.

మొదటిది, చనిపోయినవాళ్ళ ముఖం. అక్కడి చాలా తెగల్లో మనిషి చనిపోతే కొంతకాలం ఆ పేరు పలకరు. ఆ బొమ్మ చూడరు, ఆ గొంతు వినరు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకు ఇచ్చే గౌరవం అది. పైన ఆ గాయకుడి పేరు రాయకపోవడానికి కారణం అదే. వాళ్ళ పాటల గురించి మాట్లాడుతూ వాళ్ళ మర్యాద మనం తప్పడం బాగుండదు. రేడియోలో అయితే ఒక క్యాసెట్ పక్కన పెడితే సరిపోయేది. వీడియోలో అట్లా కుదరదు. ఒక పాటలో ఇరవై మంది కనబడతారు. వాళ్ళలో ఒకరు పోతే మొత్తం టేపును ఏం చేయాలి? వాళ్ళు దారులు కనుక్కున్నారు. కొన్ని టేపులను దుఃఖకాలం తీరేదాకా బీరువాలో పెట్టారు. ఇంటివాళ్ళు సరే అన్నాకే మళ్ళీ బయటికి తీశారు. ఈ రోజు ఆస్ట్రేలియాలో ఏ టీవీ చూసినా, ఆదివాసుల గురించిన కార్యక్రమానికి ముందు 'ఇందులో చనిపోయినవారి బొమ్మలు, గొంతులు ఉండవచ్చు' అని ఒక హెచ్చరిక వస్తుంది. దేశమంతా ఈ రోజు ఆ మర్యాద పాటిస్తోందంటే దాని వెనక ఆదివాసుల పట్టుదల ఉంది.

రెండోది, ఈ పాట ఎవరిది? వాల్పిరి వాళ్ళలో ఒక పాటకు, ఒక కథకు, ఒక చోటుకు తండ్రి వైపు నుంచి హక్కుదారులు ఉంటారు. వాళ్ళను కిర్ద అంటారు. తల్లి వైపు నుంచి కాపలాదారులు ఉంటారు. వాళ్ళు కుర్దుంగుర్లు. హక్కుదారు పాడతాడు, కాపలాదారు తప్పు పోకుండా చూస్తాడు. ఇద్దరూ లేకుండా పని జరగదు. మన దగ్గర కూడా గోండుల వంశకథలను ఎవరు పడితే వాళ్ళు చెప్పరు కదా. నాలుగు దేవుళ్ళు, ఐదు దేవుళ్ళు, ఆరు దేవుళ్ళు, ఏడు దేవుళ్ళు, ఏ సగ వాళ్ళ కథ ఆ సగ వాళ్ళకు పర్ధాన్‌లు, తోటీలు కిక్రీ వాయిస్తూ చెప్తారు. ఆ చుట్టరికం లేకపోతే ఆ పాటకు ఆ బలం లేదు.

మూడోది, కెమెరా పట్టుకునేది ఎవరు? దీని మీద ఎరిక్ మైకేల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు యుయెండుములో ఉండి పనిచేశాడు. 1986లో ఆయన పుస్తకం వచ్చింది. ఎడారి ఆదివాసులు టీవీని తమకు తాముగా ఎట్లా కనిపెట్టుకున్నారో అందులో ఉంటుంది. ఆ ఊరి ఫ్రాన్సిస్ జుపుర్రుల కెల్లీ తీసిన ఒక వీడియో గురించి ఆయన రాసింది మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది.

1928లో కోనిస్టన్ అనే చోట పోలీసు బృందం ఆదివాసులను ఊచకోత కోసింది. సర్కారు లెక్క 31 మంది. అంతకంటే చాలా ఎక్కువ మంది పోయారని ఆ తెగలవాళ్ళు చెప్తారు. ఆ కథను ఒక పెద్దాయన ఆ చోటనే నిలబడి చెప్తుంటే జుపుర్రుల వీడియో తీశాడు. తెరమీద కనబడేది ఒక్క మనిషే. కానీ ఆ రోజు ఆయనతో పాటు కావలసిన చుట్టాలంతా అక్కడికి వచ్చి, కెమెరా వెనక కూర్చున్నారు. ఏం చెప్పాలో, ఏం చూపాలో వాళ్ళ ఎదురుగానే జరిగింది. కెమెరా మెల్లగా గుట్టల మీదుగా, చెట్ల మీదుగా పోతుంది. బయటివాళ్ళకు ఖాళీ నేల. వాళ్ళకు మాత్రం ఏ గుట్ట దగ్గర ఎవరు దాక్కున్నారో, పూర్వీకులు ఏ దారిన నడిచారో అంతా అందులో ఉంది. అంటే ఆ వీడియోకు బలం తెరమీద ఉన్నదానివల్ల ఎంత వచ్చిందో, తెర వెనక కూర్చున్నవాళ్ళ వల్ల అంత వచ్చింది.

మా మాట కూడా ఇదే. కెమెరా పెట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. కెమెరా వెనక ఎవరు కూర్చుంటారు అన్నది మొదటి ప్రశ్న.

ఇక్కడితో అంతా బాగుందని అనుకోవద్దు. వాళ్ళు దెబ్బ తిన్న చోటు కూడా చెప్పాలి. ఉపగ్రహం మీద మధ్య ఆస్ట్రేలియాకు ప్రైవేటు టీవీ లైసెన్సు ఒక్కటే ఉంది. అది డార్విన్ నగరపు టీవీ కంపెనీకి పోతుందని అందరూ అనుకున్నారు. కామా పోటీకి దిగి, 1986లో గెలిచింది. 1988 జనవరిలో 'ఇంపార్జ' టీవీ మొదలైంది. అరెంటె భాషలో ఆ మాటకు అడుగుజాడలు అని అర్థం. ఆదివాసుల సొంత టీవీ! కానీ మొదటి ప్రసారం ఏంటో తెలుసా? క్రికెట్ మ్యాచ్. ఎందుకంటే ప్రకటనలు కావాలి, ఉపగ్రహానికి కిరాయి కట్టాలి. రోజంతా నగరాల నుంచి కొన్న ఇంగ్లీషు కార్యక్రమాలే నడిచేవి. ఆదివాసీ భాషల కార్యక్రమానికి వారంలో దక్కింది కొద్ది సమయమే. రేడియో నడపడానికి నలుగురు మనుషులు, ఒక మైకు చాలు. టీవీకి కోట్లు కావాలి. కోట్లు ఇచ్చినవాడు సమయం అడుగుతాడు. యజమానులం మనమే అయినా, తెర మొత్తం మనది కాదని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

అయితే ఆ శ్రమ వృథా పోలేదు. ఫ్రెడా గ్లిన్ కొడుకు వార్విక్ థార్న్‌టన్ కుర్రతనంలో 8కిన్‌లో పాటలు వేసే డీజే. అక్కడి నుంచే కామాలో కెమెరా పని నేర్చుకున్నాడు. రేడియో గదిలో కూర్చున్న ఆ అనుభవంతోనే 2005లో 'గ్రీన్ బుష్' అనే చిన్న సినిమా తీశాడు. ఖైదీల కోసం రాత్రిపూట పాటలు వేసే ఒక డీజే కథ అది. తర్వాత 2009లో 'శాంసన్ అండ్ డెలైలా' తీసి, కాన్ చిత్రోత్సవంలో మొదటి సినిమాకు ఇచ్చే కెమెరా దోర్ బహుమతి అందుకున్నాడు. ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. వినడం నేర్చుకున్నాకే చూడటం నేర్చుకున్న మనిషి తీసిన సినిమా అని మాకు అనిపించింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన దేశంలో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. అయినా సంఘాలు రేడియో పెట్టుకోవడానికి 2006 దాకా విధానం రాలేదు. 2008 అక్టోబరులో జహీరాబాద్ పక్కన మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళలు నడిపే రేడియో అది. విత్తనాలు, వంటలు, పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే. ఇంకొక విషయం, ఆ సంఘాల్లోని మహిళలు రేడియో లైసెన్సు రాకముందే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బడికి పోని ఆడవాళ్ళు సినిమాలు తీశారు. అంటే మనకు ఆస్ట్రేలియా దాకా పోవాల్సిన పని కూడా లేదు. మన రాష్ట్రంలోనే దారి చూపినవాళ్ళు ఉన్నారు.

వీడియో వద్దు అనే అక్కలకు ఒక మాట. మార్లవాయి కనకరాజు తాతను గుర్తుచేసుకోండి. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన మనల్ని విడిచిపోయారు. రేడియోలో గుస్సాడీ వినిపించగలం గానీ చూపించలేం. డప్పు వినబడుతుంది, గజ్జెలు వినబడతాయి. అడుగు ఎట్లా పడుతుందో, నెమలి ఈకల టోపీ ఎట్లా ఊగుతుందో తెలియదు. ఆయన అడుగు రేపటి పిల్లలకు అందాలంటే వీడియో కావాలి. మన దగ్గర పోయినవాళ్ళ బొమ్మ చూడకూడదనే కట్టుబాటు అట్లా లేదు. మనకు చూడాలనే ఉంటుంది. కాబట్టి వాళ్ళ నియమం మనం ఎత్తుకొచ్చి పెట్టుకోవాల్సిన పని లేదు. మన నియమం మనం రాసుకోవాలి.

వీడియో కావాలనే తమ్ముళ్ళకు కూడా ఒక మాట. మన గుస్సాడీ వీడియోకు ఎవరో సినిమా పాట తగిలించి రీల్ చేసి తిప్పుతుంటే మనందరికీ కడుపు మండింది కదా. ఎవరి ఊరు, ఎవరి పేరు, ఏ పండుగ, ఏమీ లేదు. తీసింది బయటివాళ్ళే అని తిట్టుకున్నాం. రేపు మనం కూడా అడగకుండా తీసి, పేరు రాయకుండా పెడితే, తేడా ఏముంది?

అందుకే మేం కూర్చొని నాలుగు మాటలు అనుకున్నాం. తప్పులుంటే సరిచేయండి.

ఒకటి. ముందు గొంతు, తర్వాతే బొమ్మ. రేడియోలో పాడటానికి ఒప్పుకున్నారంటే వీడియోకు ఒప్పుకున్నట్టు కాదు. రెండూ విడివిడిగా అడగాలి. మన భాషలో అడగాలి. వద్దు అంటే మైకు మాత్రమే పెట్టాలి, మొహం మాడ్చుకోవద్దు.

రెండు. ఏ పాట అందరిదో, ఏ పాట పెర్సాపేన్ ముందు మాత్రమే పాడాలో చెప్పాల్సింది పటేలు, కటోడ, పర్ధాన్ తాతలు, ఆ ఇంటి ఆడబిడ్డలు. మనం కాదు. రికార్డు చేసే రోజు వాళ్ళలో కనీసం ఇద్దరు కెమెరా వెనక ఉండాలి.

మూడు. అసలు వీడియో కాపీ ఆ ఊర్లోనే ఉండాలి, ఒక హార్డ్ డిస్క్‌లో. నెట్‌లో పెట్టేది దాని నకలు మాత్రమే. పాడినవాళ్ళ పేరు, ఊరు, వాయిద్యం పేరు, తేదీ రాయాలి. యూట్యూబ్ ఎప్పుడైనా తీసేయొచ్చు, కంపెనీ నియమాలు మారొచ్చు. ఇంపార్జ కథ మర్చిపోవద్దు, తెర మనది కాదు.

నాలుగు. తీసేయమంటే తీసేయాలి. ఆ ఇంట్లో చావు జరిగినా, మనసు మారినా, కారణం అడగొద్దు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. మాలో ఒకరి నాయనమ్మకు ఈ చర్చ గురించి చెప్తే ఆమె నవ్వి, "రేడియోల పాడితే నా ముడతలు కనబడవు, వీడియోల పాడితే నా మనవరాలు కనబడతది" అన్నదట. ఆమె పక్కన కూర్చొని పాట అందుకునేది మనవరాలే. ఒక్కటే పాటను ఎవరు నేర్పుతున్నారో, ఎవరు నేర్చుకుంటున్నారో రెండు తరాలూ ఒకే తెరమీద కనబడతాయి. ఆమె ఒప్పుకుంది. కానీ నాగోబా పాట మాత్రం వద్దంది. సరే అన్నాం. మొదటి వీడియో ఆమెతోనే మొదలుపెట్టాలని మా కోరిక.

మీ ఊళ్ళలో పెద్దలను అడిగి, వాళ్ళ మాట ఇక్కడ రాయండి. కొలాం, నాయకపోడు, తోటి, కోయ అన్నలు, అక్కలు తప్పకుండా రాయాలి, మీ కట్టుబాట్లు మాకు తెలియవు. అందరి మాటలు వచ్చాకే కెమెరా తీద్దాం.